పాస్టర్ పని వదిలేశాక స్వచ్ఛంద సంస్థలకు, చిన్న వ్యాపారాలకు కన్సల్టింగ్ చేయగలమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చాలా ఏళ్లు ఒక సంఘానికి పాస్టర్‌గా ఉన్నారు, ఇప్పుడు ఆ బాధ్యత నుంచి బయటికొచ్చారు. తెలిసినవాళ్లు "మనుషుల్ని నడిపించడం మీకు బాగా వచ్చు, సంస్థలకు సలహాదారుగా వెళ్లొచ్చు కదా" అంటున్నారు. మీ దగ్గర ఎంబీఏ లేదు, కంపెనీలో పనిచేసిన అనుభవం లేదు. ఈ పని నిజంగా కుదురుతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి, డబ్బు అడగడానికి నోరు రాకపోతే ఎలా, పాస్టర్‌నని చెప్పుకోవాలా వద్దా అని అడిగారు.

కుదురుతుంది. నేనూ ఆ దారిలో వచ్చినవాణ్ణే, నా ఇల్లు గడుస్తున్నది ఈ పని మీదే. అయితే మొదటి రోజు నుంచే ఒక విషయం గుర్తుంచుకోవాలి. పాస్టర్‌గా నేర్చుకున్న పనితనం మీ వెంట వస్తుంది. పాస్టర్‌గా ఉన్న పెద్దరికం రాదు. సంఘంలో మీరు ఒక మాట అంటే దాని వెనక వాక్యం ఉంటుంది, అభిషేకం ఉంటుంది, ఆ ఇంట్లో పెళ్లికీ చావుకీ మీరు నిలబడ్డ చరిత్ర ఉంటుంది. క్లయింట్ ముందు కూర్చున్నప్పుడు అవేవీ ఉండవు. మీ మాట సరైనదైతే తీసుకుంటారు, లేకపోతే లేదు. నిర్ణయం వాళ్లది, దాని మంచిచెడ్డలు వాళ్లవి. ఇది మనసుకు పట్టించుకోవడానికే నాకు తెలిసిన చాలామంది మాజీ పాస్టర్లకు లెక్కలు నేర్చుకోవడం కంటే ఎక్కువ సమయం పట్టింది.

ముందు ఏవి కలిసొస్తాయో చెప్తాను, ఎందుకంటే పరిచర్య వదిలినవాళ్లలో "నాకు ఇంకేం వచ్చు?" అన్న దిగులు చాలా ఎక్కువ. జీతం తీసుకోని మనుషులతో పని చేయించడం తేలికైన విషయం కాదు. సండే స్కూల్ టీచర్ అలిగి మానేస్తే ఉద్యోగం తీసేస్తానని అనలేరు. ఆమె ఇంటికెళ్లి కూర్చుని, చెప్పింది విని, మళ్లీ పనిలో నిలబెట్టాలి. ఎంతొస్తాయో ముందే తెలియని కానుకలతో ఏడాది బడ్జెట్ నడపాలి. ఒకరంటే ఒకరికి పడని సంఘ పెద్దల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, పైకప్పు మరమ్మతు మీద ఒక మాటకు తేవాలి. స్వచ్ఛంద సంస్థ నడిపేవాళ్ల రోజువారీ కష్టం సరిగ్గా ఇదే. చిన్న వ్యాపారంలో జీతాలుంటాయి కాబట్టి కొంత తేడా ఉంటుంది. కానీ కుటుంబమే యాజమాన్యమైన చోట పని ఆగిపోవడానికి కారణం వెతికితే, చాలాసార్లు ఎప్పుడో మాట పడి ఇంకా మర్చిపోని మనిషి ఒకరు కనిపిస్తారు. అలాంటి మనిషిని మాట్లాడించడం మీకు చేతనైన పని.

మేనేజ్‌మెంట్ ఆలోచనకు పెద్దదిక్కుగా పేరున్న పీటర్ డ్రకర్ పెద్ద పెద్ద కంపెనీలకు సలహాలిచ్చారు. అయినా జీవితంలో చివరి దశాబ్దాల్లో లాభాపేక్ష లేని సంస్థల మీద, చర్చిల మీద ఎంతో శ్రద్ధ పెట్టారు. అలాంటి సంస్థల నిర్వహణ కోసమే 1990లో అమెరికాలో ఆయన పేరుతో ఒక ఫౌండేషన్ ఏర్పడింది. ఏ సంస్థ అయినా తనను తాను వేసుకోవాలని ఆయన చెప్పిన ప్రశ్నలు ఐదు: మన ఆశయం ఏమిటి, మన కస్టమర్ ఎవరు, అతను దేనికి విలువిస్తాడు, మన ఫలితాలేమిటి, ఇకముందు మన ప్రణాళిక ఏమిటి. మొదటి భేటీల్లో నేను ఇప్పటికీ వీటినే కాస్త వాడుక మాటల్లోకి మార్చి అడుగుతాను. స్వచ్ఛంద సంస్థ రెండో ప్రశ్న దగ్గర చిక్కుకుంటుంది. డబ్బిచ్చే దాతా, సేవ పొందే మనిషా? బోర్డులో, అంటే సంస్థను నడిపించే పెద్దల కమిటీలో, ఐదుగురుంటే ఐదు జవాబులు వస్తాయి. ఆ తేడా బయటపడిందంటే మీ పనిలో సగం మొదలైనట్టే.

వినడం మీకు వచ్చు, కానీ మీటింగ్ ముగిసేలోపు జవాబు చెప్పేసే అలవాటు మానుకోవాలి. మనకు ఈ అలవాటు పరిచర్యలోనే వస్తుంది. కన్నీళ్లతో వచ్చినవాళ్లను ఊరికే పంపలేం కదా, ఒక మాట, ఒక ప్రార్థన, ఒక ఆదరణ ఇచ్చి పంపుతాం. కన్సల్టింగ్‌లో ఆ తొందర హాని చేస్తుంది. ఎంఐటీలో పాఠాలు చెప్పిన ఎడ్గార్ షైన్ 1969లోనే సలహాదారుల పద్ధతుల్ని మూడుగా విడదీశారు. ఒకరు నిపుణుడిలా అడిగింది చేసిపెట్టి వెళ్తారు. ఇంకొకరు డాక్టరులా రోగమేమిటో, మందేమిటో చెప్తారు. మూడో పద్ధతిలో క్లయింటే తన సమస్యను తాను చూడగలిగేలా పక్కన కూర్చుని సాయం చేస్తారు. మాజీ పాస్టర్లు బాగా రాణించేది మూడో దాంట్లో, ఎక్కువగా జారిపోయేది రెండో దాంట్లోకి. పరీక్ష చేయకుండానే మందు రాసేస్తారు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణే తీసుకోండి. నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని జనం తగాదాలన్నీ తానే తీరుస్తుంటాడు. చూడ్డానికి వచ్చిన మామ యిత్రో ఒక రోజంతా చూశాడు. నువ్వొక్కడివే ఎందుకు చేస్తున్నావని అడిగాడు. మోషే చెప్పిన కారణం విన్నాడు. నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని చెప్పి, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి నాయకుల్ని పెట్టమన్నాడు. పెద్ద విషయాలు మాత్రమే నీ దగ్గరికి రానివ్వమన్నాడు. మోషే ఆ మాట విన్నాడు, నాయకుల్ని ఎంచుకున్నది మోషేనే. ఆ తర్వాత యిత్రో తన దేశానికి వెళ్లిపోయాడు. ఆయన అక్కడే స్థిరపడి ఆ నాయకుల మీద పెత్తనం చేయలేదు. మనం ఈ భాగాన్ని పని పంచుకోవడం గురించి ఎన్నోసార్లు ప్రసంగించి ఉంటాం. ఇప్పుడు యిత్రో వైపు నుంచి మళ్లీ చదవండి, మీ కొత్త ఉద్యోగం ఎలా ఉండాలో అందులో ఉంది.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన చోటుకొస్తాను: రహస్యాలు.

పాస్టర్‌కు చెప్పింది పాస్టర్ దగ్గరే ఉండిపోవాలి. మనం అలా బతికాం. కన్సల్టెంట్ పరిస్థితి వేరు. మిమ్మల్ని పిలిచింది ఒకరు, ఫీజు ఇచ్చేది సంస్థ, లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఇంకెవరో. మీ మొహం చూస్తేనే మనసు విప్పి చెప్పాలనిపిస్తుంది జనానికి. అది మీ బలం, ప్రమాదమూ దాంట్లోనే ఉంది.

ఒక కేసు చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ముసలివాళ్లకు ఆశ్రయమిచ్చే ఒక సంస్థ. స్థాపించినావిడ మహా మంచి మనిషి, ముప్ఫై మందిని కన్నతల్లిలా చూసుకుంటుంది. బోర్డు నన్ను పిలిచింది "సిబ్బంది ఎందుకో నిలవడం లేదు, చూడండి" అని. నేను అందరితో విడివిడిగా మాట్లాడుతున్నాను. లెక్కలు రాసే అమ్మాయి వంతు వచ్చింది. మామూలు ప్రశ్నలకు ముక్తసరిగా జవాబులు చెప్పి, లేచి వెళ్లేముందు ఒక ఫైలు నా ముందు పెట్టింది. పైన "భవన నిధి" అని రాసి ఉంది. కొత్త గదులు కట్టడానికని ఒక దాత ఇచ్చిన సొమ్ము అది. లోపల విత్‌డ్రాయల్ ఎంట్రీలు, ప్రతి దాని పక్కన పెన్సిల్‌తో ఒకటే మాట: "వచ్చే నెల తిరిగి వేయాలి". అలా పేజీ కింది దాకా ఉంది. ఒక్కటి కూడా తిరిగి పడలేదు. ఆ డబ్బంతా జీతాలకు పోయింది, అయినా జీతాలు ఆలస్యమవుతూనే ఉన్నాయి, అందుకే మనుషులు వెళ్లిపోతున్నారు.

ఎవరూ జేబులో వేసుకోలేదు. అయినా తప్పు తప్పే. ఒక పని కోసమని దాత షరతు పెట్టి ఇచ్చిన డబ్బును వేరే పనికి వాడకూడదు. స్వచ్ఛంద సంస్థల లెక్కల్లో షరతు ఉన్న నిధులు, షరతు లేని నిధులు అని వేరు చేసి చూపించడం అందుకే. బ్యాంకులో నిల్వ బాగానే కనిపిస్తుంది, కానీ అందులో స్వేచ్ఛగా వాడుకోగలిగింది ఎంత అన్న ప్రశ్నకు చాలా బోర్డుల దగ్గర జవాబు ఉండదు. మీరు ఏ సంస్థకు వెళ్లినా మొదట అడగాల్సిన లెక్క ఇదే.

ఆ అమ్మాయి చెప్పింది నేనేం చేయాలి? పాస్టర్‌నైతే నా దగ్గరే దాచుకుని ప్రార్థించి ఉండేవాణ్ణేమో. ఇక్కడ ఆ చిక్కు రాలేదు, ఎందుకంటే ఒప్పందంలోనే రాసుకున్నాను, ప్రతి ఒక్కరితో మాట మొదలుపెట్టేముందు చెప్తాను కూడా: నా క్లయింట్ ఈ సంస్థ, అంటే దాని బోర్డు. మీరు చెప్పినవి మీ పేరు లేకుండా నివేదికలో రావచ్చు. డబ్బు దారి తప్పడం, ఎవరికైనా హాని జరగడం, చట్టం మీరడం లాంటివి నా చెవిన పడితే నేను దాచను. ఇది విన్న తర్వాతే ఆమె ఫైలు తెచ్చింది. బయటికి రావాలనే తెచ్చింది. ఎన్ని నెలలు ఆ పెన్సిల్ రాతల్ని ఒక్కతే చూస్తూ టెన్షన్ పడిందో.

ముందు స్థాపకురాలితోనే మాట్లాడాను. బోర్డుకు ఆవిడే చెప్పడం మంచిదని, పక్కన నేనుంటానని చెప్పాను. ఆవిడ ఏడ్చింది, కోప్పడింది, మూడో రోజు ఫోన్ చేసి సరేనంది. బోర్డు మీటింగ్‌లో నిధులన్నిటికీ ఒక పట్టిక వేశాం. దాతకు ఉత్తరం రాశాం, జరిగింది దాచకుండా. దాత కొంత భాగాన్ని నిర్వహణ ఖర్చుగా మార్చడానికి ఒప్పుకున్నాడు, మిగతాది విడతలుగా భవన నిధిలో వేయమన్నాడు. ఇదంతా సుఖాంతమని చెప్పను. ఒక బోర్డు సభ్యుడు రాజీనామా చేశాడు, కొత్త గదులు ఇంకా లేవలేదు. కానీ జీతాలు నెలాఖరుకు పడుతున్నాయి.

ఈ సంస్థ అంతదాకా రావడానికి వెనక ఇంకో కారణం ఉంది, అది మీకు పదే పదే ఎదురవుతుంది. "మా దగ్గర ఆఫీసు ఖర్చే లేదు, ప్రతి పైసా సేవకే" అని చెప్పుకోవడం దాతలకు నచ్చుతుంది. అందుకని సంస్థలు అద్దె, కరెంటు, లెక్కలు రాసేవాళ్ల జీతం తక్కువ చేసి చూపిస్తాయి. దాతలు అదే నిజమనుకుని వచ్చేసారి ఇంకా తక్కువ ఆశిస్తారు. 2009లో ఆన్ గాగిన్స్ గ్రెగరీ, డాన్ హొవార్డ్ అనే ఇద్దరు అమెరికన్ సలహాదారులు ఈ చక్రాన్ని వివరంగా రాశారు, సంస్థలు తమను తాము ఆకలితో మాడ్చుకుంటున్నాయన్నారు. నిలువ నీడ కూడా ఖర్చేనని దాతకు చెప్పే ధైర్యం స్థాపకులకు రావాలి. లాభాపేక్ష లేదంటే మిగులే ఉండకూడదని కాదు. మిగిలిన దాన్ని యజమానులు పంచుకోకూడదని అర్థం. కొన్ని నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉండటం పాపమేమీ కాదని నేను చాలా బోర్డులకు నచ్చజెప్పాల్సి వచ్చింది.

నమ్మకం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన సంఘాల్లో "మనవాళ్లే కదా" అని ఒక్కరి చేతిలోనే రసీదు పుస్తకం, చెక్కు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ పెట్టేస్తాం. డోనాల్డ్ క్రెస్సీ అనే నేరశాస్త్రవేత్త, నమ్మి అప్పగించిన డబ్బు కాజేసి జైల్లో ఉన్నవాళ్లతో మాట్లాడి 1953లో తన పరిశోధన ప్రచురించారు. వాళ్లలో ఆయనకు మూడు విషయాలు కనిపించాయి: ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, పట్టుబడకుండా తీసుకోగల అవకాశం, "అప్పుగా తీసుకుంటున్నా, తిరిగి పెట్టేస్తా" లాంటి సర్దుబాటు. మొదటిది మనం ఆపలేం. మూడోది మనిషి లోపల జరిగేది. సంస్థ చేతిలో ఉన్నది రెండోదే. కాబట్టి చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి, చెక్కు రాయని మనిషే బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి చూడాలి. ఇది అనుమానించడం కాదని చెప్పడానికి మన దగ్గర మంచి ఆధారమే ఉంది. రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు యెరూషలేము పేదలకు చేర్చే కానుక విషయంలో తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన వేరేవాళ్లను కూడా పంపాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని.

లెక్కలు తప్పించుకోవద్దు. "నాది మనుషుల పని, అంకెలు వేరేవాళ్లు చూసుకుంటారు" అంటే ఈ వృత్తిలో మీ మాటకు బరువుండదు. ప్రతి లావాదేవీని రెండు వైపులా రాసే జమాఖర్చుల డబుల్ ఎంట్రీ పద్ధతిని వివరిస్తూ మొట్టమొదట ముద్రణలో వచ్చిన వివరణ, 1494లో వెనిస్‌లో, లూకా పచోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి రాసిందే. కాబట్టి దైవసేవకులకు పద్దులు పరాయివేం కాదు. మీరు అకౌంటెంట్ కానక్కర్లేదు. ఆదాయ వ్యయాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టిక, నగదు రాకపోకల పట్టిక చదవడం రావాలి. ఎవరెవరు ఎన్ని రోజుల నుంచి బాకీ ఉన్నారో చూపే జాబితా అడగడం తెలియాలి. అనుభవమున్న అకౌంటెంట్ పక్కన కొన్నాళ్లు కూర్చుంటే ఏ కోర్సు కన్నా బాగా వస్తుంది. ఆడిట్, పన్నులు, చట్టపరమైన పత్రాలు మాత్రం ముట్టుకోవద్దు. అవి అర్హత ఉన్నవాళ్ల పని, ఆ మాట క్లయింట్‌కు మొదటే చెప్పేయండి.

చిన్న వ్యాపారాల్లో లెక్క ఎలా పనికొస్తుందో చూడండి. ఫర్నిచర్ తయారుచేసే ఒక వర్క్‌షాప్, ఇద్దరు అన్నదమ్ములది. ఆర్డర్లు నిండా ఉన్నాయి, పుస్తకాల్లో లాభం కనిపిస్తోంది, చేతిలో మాత్రం డబ్బు ఆడటం లేదు. అన్న కొనుగోళ్లు, పనివాళ్లను చూస్తాడు. తమ్ముడు ఆర్డర్లు తెస్తాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం విన్నాక, చెక్క బల్ల మీద పెద్ద కాగితం పరిచి 13 గడులు గీశాను, వారానికొకటి, అంటే మూడు నెలలు. పైన ఆ వారం నిజంగా చేతికొచ్చే డబ్బు, కింద నిజంగా కట్టాల్సిన డబ్బు. ఎక్కడ రాయాలో చెప్పాను, పెన్సిల్ మాత్రం అన్న చేతికే ఇచ్చాను. కలప సరఫరాదారుకు 30 రోజుల్లో కట్టాలి. పెద్ద కస్టమర్లు ముగ్గురు 90 రోజులకు ఇస్తారు. ఆరో వారం గడిలో మైనస్ వచ్చింది. ఆయన రెండోసారి కూడి చూశాడు, అంతే వచ్చింది. అంటే ఆర్డర్లు పెరిగేకొద్దీ ఆ వర్క్‌షాప్ కస్టమర్లకు ఇంకా ఎక్కువ అప్పిస్తోందన్నమాట. లాభం వేరు, నగదు వేరని నేను గంట సేపు చెప్పినా ఎక్కేది కాదేమో, ఆ ఆరో గడి చెప్పింది.

అక్కడితో అయిపోలేదు. ఆ 90 రోజుల గడువు తమ్ముడు ఎందుకిచ్చాడని అడిగితే, మెల్లగా అసలు విషయం వచ్చింది. తండ్రి ఉన్నప్పటి నుంచి "వీడికి వ్యాపారం తెలియదు" అనిపించుకున్నవాడు, ఆర్డర్ వదులుకుంటే అన్న దగ్గర చిన్నబోతానని కస్టమర్ ఏది అడిగితే దానికి ఒప్పుకుంటున్నాడు. ఇలాంటి మాట అకౌంటెంట్ ముందు రాదు, మీ ముందు వస్తుంది. దాన్ని ఏం చేయాలన్నదే ప్రశ్న. నేను దాన్ని ప్రసంగం చేయలేదు, కుటుంబ ఆదరణ కూడిక చేయలేదు. కొత్త ఆర్డర్‌కు మూడో వంతు అడ్వాన్స్ ఉండాలన్న నియమం ఇద్దరి చేతా పెట్టించాను, దాన్ని కస్టమర్లతో మాట్లాడే పని పూర్తిగా తమ్ముడికే అప్పగించమన్నాను. అతను ముగ్గురిలో ఇద్దర్ని ఒప్పించాడు. తర్వాత ఆస్తి పంపకాల సంగతి కూడా నన్నే తీర్చమన్నారు. అది మాత్రం ఒప్పుకోలేదు, లాయర్ దగ్గరికి వెళ్లమన్నాను. ఎక్కడ ఆగాలో తెలియకపోతే కన్సల్టెంట్ కాస్తా మళ్లీ ఇంటి పెద్ద అయిపోతాడు.

ఫీజు సంగతి. మీకు నోరు రావడం లేదన్నారు, అర్థం చేసుకోగలను. సువార్తను ఉచితంగా పొందాం, ఉచితంగా ఇవ్వాలని నేర్చుకున్నాం. కానీ మీరు ఇప్పుడు ఇస్తున్నది సువార్త కాదు, పని గంటలు. ఒక పనికి ఒక మొత్తం అని ముందే చెప్పండి: ఎంతమందితో మాట్లాడతారు, ఏమి రాసిస్తారు, ఎప్పటికి ముగిస్తారు, సగం ముందు, సగం చివర. పేద సంస్థకు తగ్గించాలనిపిస్తే తగ్గించండి, పూర్తిగా ఉచితంగా చేయాలనిపిస్తే చేయండి. కానీ బిల్లులో పూర్తి మొత్తం రాసి, కింద తగ్గింపు అని చూపించండి. లేకపోతే మీ పని విలువ ఎంతో వాళ్లకూ తెలియదు, ఇంకో ఏడాదికి మీకూ తెలియదు. "తర్వాత చూసుకుందాం లెండి, మన మధ్య లెక్కలేంటి" అన్న మాట మీ నోటి నుంచి రానివ్వవద్దు, వాళ్ల నోటి నుంచి వస్తే కాగితం ముందు పెట్టండి.

విరాళాలు సేకరించిపెడితే అందులో ఇంత శాతం ఇస్తామని స్వచ్ఛంద సంస్థలు అంటాయి. ఒప్పుకోవద్దు. నిధుల సేకరణ వృత్తిలో ఉన్నవాళ్ల అంతర్జాతీయ సంఘం, అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్, తన నైతిక నియమావళిలో వచ్చిన విరాళాల మీద శాతాన్ని ప్రతిఫలంగా తీసుకోవడాన్ని నిషేధించింది. కారణం మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. వృద్ధుల కోసమని ఒకావిడ ఇచ్చిన కానుకలో వంతు మనకొస్తుందంటే, ఆమెను ఎంత గట్టిగా అడగాలన్న విషయంలో మన మనసు మన మాట వినదు.

పాస్టర్‌నని చెప్పుకోవాలా అన్నారు. చెప్పండి, ఒక్క వాక్యంలో. "ఇన్నేళ్లు సంఘ పరిచర్యలో ఉన్నాను, ఇప్పుడు సంస్థల నిర్వహణలో సలహాలిస్తున్నాను." దాస్తే తర్వాత తెలిసినప్పుడు అనుమానం వస్తుంది. ఎందుకు వదిలేశారని అడిగితే నిజం పొట్టిగా చెప్పండి. పాత సంఘాన్ని తక్కువ చేసి మాట్లాడవద్దు, రేపు తమ గురించి కూడా ఇలాగే మాట్లాడతారని విన్నవాళ్లు అనుకుంటారు. క్లయింట్ల విశ్వాసం ఏదైనా కావచ్చు, ఏదీ లేకపోవచ్చు. వాళ్లుగా అడిగితే తప్ప ప్రార్థన ప్రస్తావన తేవద్దు. సలహా పేరుతో లోపలికెళ్లి మతం మాట్లాడితే అది వాళ్ల నమ్మకాన్ని దొంగిలించడమే, నేను ఈ విషయంలో రాజీ పడను. మీ విశ్వాసం మీరు మాట నిలబెట్టుకోవడంలో కనిపిస్తే చాలు.

మీ పాత సంఘంలోని వ్యాపారస్తులే మొదటి క్లయింట్లుగా దొరుకుతారు, అక్కడ కాస్త ఆగండి. ఎవరి ఇంటి గుట్టు పాస్టర్‌గా మీకు తెలుసో వాళ్ల సంస్థకు సలహాదారుగా వెళ్లవద్దు. భార్యాభర్తల గొడవ మీ ముందు ఏడ్చి చెప్పుకున్న మనిషి, రేపు మీరు అతని ఖర్చుల పట్టిక చూస్తుంటే కుదురుగా కూర్చోలేడు. మీరూ ఆ తెలిసింది పక్కన పెట్టి ఆలోచించలేరు. పైగా మీ తర్వాత వచ్చిన పాస్టర్‌కు మీరు సంఘస్తుల చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వేరే సలహాదారు పేరు చెప్పి పంపండి.

సర్టిఫికెట్ల గురించి రెండు మాటలు. మొదటి క్లయింట్ కోసం ఏదీ తప్పనిసరి కాదు. వ్యక్తులకు కోచింగ్ వైపు, అంటే ఒక మనిషిని ప్రశ్నలడుగుతూ తన దారి తానే కనుక్కునేలా చేసే పని వైపు, వెళ్లాలనుకుంటే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ మొదటి స్థాయి గుర్తింపుకు కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం అడుగుతుంది. అది నేర్పే క్రమశిక్షణ మనలాంటివాళ్లకు మంచిదే, ముఖ్యంగా సలహా ఇవ్వకుండా ప్రశ్న అడగడం.

మొదలుపెట్టడానికి పెద్ద వెబ్‌సైట్, విజిటింగ్ కార్డులు అక్కర్లేదు. మీకు వ్యక్తిగత రహస్యాలేవీ తెలియని ఒక చిన్న సంస్థను ఎంచుకుని, ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు వెతికే పని తీసుకోండి. "మా బోర్డు ఎందుకు నిర్ణయాలు తీసుకోలేకపోతోంది" లాంటిది చాలు. "సంస్థను మార్చిపెట్టండి" అనేది వద్దు. వెళ్లేముందు మూడు కాగితాలు తెప్పించుకోండి: గత ఏడాది లెక్కలు, చివరి మూడు మీటింగుల మినిట్స్ (ఏం చర్చించారో, ఏం నిర్ణయించారో రాసుకున్నవి), ఎవరికి ఏ బాధ్యతో చూపే జాబితా. మూడోది చాలాచోట్ల ఉండదు, లేకపోవడమే ఒక సమాచారం. మినిట్స్‌లో ఒకే అంశం మీటింగ్ తర్వాత మీటింగ్ "వచ్చేసారి చర్చిద్దాం" అని వాయిదా పడుతూ ఉంటే దాని పక్కన గీత గీసుకోండి, మీ మొదటి ప్రశ్న అక్కడిది. నివేదిక రెండు పేజీలు దాటనివ్వవద్దు. ఏం కనిపించింది, దాన్నిబట్టి మీకేమనిపిస్తోంది, వాళ్లు ఎంచుకోగల దారులేమిటి, ప్రతి పనికి ఎవరు, ఎప్పటిలోగా. మూడు నెలల తర్వాత ఒకసారి వచ్చి చూస్తానని ఒప్పందంలోనే రాసుకోండి, ఆ రాకకు కూడా ఫీజులో చోటుండాలి. మనం ఇచ్చిన సలహాల్లో ఎన్ని అమలయ్యాయో కూర్చుని చూసినప్పుడే మన పని ఏపాటిదో తెలుస్తుంది.

ఇంకొక్కటి, మీరు అడగలేదు కానీ ఇంట్లోవాళ్లు అడుగుతారు. మొదటి ఏడాది ఆదాయం ఎగుడుదిగుడుగా ఉంటుంది. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకపోతే వేరే ఉద్యోగం చేస్తూనే ఒకటి రెండు పనులు తీసుకోండి. డబ్బు అత్యవసరమైనప్పుడు ఏ క్లయింట్‌కూ కాదని చెప్పలేం, కాదని చెప్పలేని సలహాదారుడి మాట క్లయింట్‌కు పనికిరాదు. మొదటి ఒప్పందం రాసుకునేటప్పుడు సందేహం వస్తే ఇక్కడే అడగండి. రహస్యాల గురించి నేను వాడే ఆ పేరా మీ పనికి తగ్గట్టు ఎలా మార్చుకోవాలో చెప్తాను.